స్టిక్కరు ఊడని కంచాలు

ఇబ్రహీంపట్నం చూసి వచ్చానని చెబితే మా స్టాఫ్‌రూములో ముందు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఎవరో నవ్వారు. నేను పుట్టుగుడ్డివాణ్ణి. తణుకు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. రంగారెడ్డి జిల్లా సరిహద్దులు నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ, అక్కడి టీ ఎలా ఉంటుందో, అక్కడి మనుషులు కొత్తవాణ్ణి ఏమని పిలుస్తారో మొన్నటి దసరా సెలవుల దాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది. మూడేళ్లు ఆలస్యంగా తెలిసింది.

నేను వెళ్లింది ఒక తాళం కోసం.

నా ఫోన్‌లో తోడుగొంతు అని ఒక ప్రోగ్రాం ఉంది. తెర మీద ఉన్న తెలుగును ఒక ఆడగొంతుతో చదివి వినిపిస్తుంది. పేపరు, బ్యాంకు మెసేజీలు, పిల్లల మార్కులు, అన్నీ ఆవిడే నాకు చదివి పెడుతుంది. దాన్ని రాసినవాడు ఇబ్రహీంపట్నం యాదగిరి. చూపు పోయిన తన మేనమామ కోసం మొదలుపెట్టాడట. ఎవరికీ అమ్మలేదు. లోపలి రాత మొత్తం అందరికీ కనబడేలా బయట పెట్టేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టొచ్చు. షరతు ఒక్కటే, మార్చి పంచేవాడు తన రాతను కూడా అలాగే బయట పెట్టాలి. మా గోదావరి జిల్లాల్లో పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతారు. యాదగిరి పెట్టిన షరతు నాకు అలాగే అర్థమైంది, అందుకే నచ్చింది. నాలాంటివాళ్లం కొందరం ఆయన చుట్టూ చేరాం. బెంగుళూరు నుంచి ఒకాయన, కరీంనగర్ నుంచి ఒకమ్మాయి, ఇంకా అక్కడా ఇక్కడా నుంచి నలుగురైదుగురు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. నాకైతే తెలిసే ప్రమాదమే లేదు.

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు యాదగిరి పోయాడు. గుండెపోటు. మెసేజీలకు జవాబు రాకపోతే నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. "ఆయన పోయిండు సారూ" అని ఎవరో మగగొంతు చెప్పి పెట్టేసింది. సరిగ్గా అప్పుడే కొత్త ఫోన్లు తోడుగొంతును లోపలికి రానివ్వడం మానేశాయి. ప్రోగ్రాం పాతబడిందట, కొంచెం మార్చి మళ్లీ పంపాలట. మార్చడం పెద్ద పని కాదు, కరీంనగర్ అమ్మాయి రెండు రోజుల్లో చేసేసింది. పంపడానికే దారి లేదు. వాడేవాళ్ల ఫోన్లలోకి కొత్తది దానంతటది వెళ్లాలంటే దాని మీద యాదగిరి ముద్ర ఉండాలి. ఆ ముద్ర వేసే తాళం ఒక చిన్న ఫైలు. అది ఆయన కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. అన్నీ బయట పెట్టుకున్నవాళ్లం తాళం మాత్రం ఒక్క ఇంట్లో వదిలేశాం. ఏ కంపెనీ దుకాణంలోనూ పెట్టం, మా సొంత పేజీ నుంచే పంచుతాం అని గొప్పలు పోయాం కాబట్టి, వెళ్లి మొరపెట్టుకోవడానికి ఒక కంపెనీ కూడా లేదు.

తాళం దొరక్కపోతే వేరే పేరుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. అది నేను వెతికి పెట్టుకోగలను. మా వీధి మంగాయమ్మగారు పెట్టుకోలేరు. షుగరు వల్ల అరవై దాటాక ఆవిడ చూపు పోయింది. ఎప్పుడో నేను ఫోన్‌లో పెట్టిచ్చిన తోడుగొంతుతో రోజూ పొద్దున పేపరు వింటారు. కొడుకు కొత్త ఫోన్ కొనిస్తే అందులో ఆ గొంతు రాలేదు. "ఆ అమ్మాయి ఏమైందిరా, పెళ్లయి వెళ్లిపోయిందా?" అని నన్నడిగారు. ఆవిడకైతే నేనున్నాను. ఇలాంటి మంగాయమ్మలు ఎన్ని ఊళ్లలో ఉన్నారో మాకు తెలియదు. వాడేవాళ్ల పేర్లూ ఊళ్లూ అడగకూడదన్నది మా నియమం. మంచి నియమమే, ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ వాళ్లను చేరాలంటే తాళం ఒక్కటే దారి.

"ఎవరైనా వెళ్తే బావుంటుంది" అని మా గుంపులో అందరూ రాశారు. ఆ ఎవరైనాకి సెలవులున్నాయి కాబట్టి బయల్దేరాను.

సాగర్ రోడ్డు మీద

ఎల్బీనగర్‌లో ఎక్కిన బస్సు నిండా సీతాఫలాల వాసన. నా పక్కన కూర్చున్నామె కాళ్ల దగ్గర బుట్ట పెట్టుకుంది. ఎంతమ్మా అంటే డజను వంద అంది. మా తణుకులో ఆ డబ్బుకు సగం కూడా రావు, వచ్చినవి సగం పురుగులు. ఒక పండు నా చేతిలో పెట్టింది. జేబులో చెయ్యి పెట్టబోతే "ఒక్క పండుకు పైసలేంది, తిను" అని కసిరింది. మా వైపు ఇలాంటి మాటకు ముందూ వెనకా రెండు "అండీ"లు పడతాయి. ఇక్కడ వాటి అవసరం లేకుండానే ప్రేమగా ఉంటారని ఇబ్రహీంపట్నం చేరేలోపే తెలిసిపోయింది.

చౌరస్తాలో దిగి కర్ర చాపానో లేదో, ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఫికర్ చెయ్యకు సారూ, నేనున్న" అంటూ గబగబా రోడ్డు దాటించి, భుజం తట్టి వెళ్లిపోయారు. నేను దాటాలనుకోలేదు. ఆటోలు నేను దిగిన వైపే ఉన్నాయట. లారీల మధ్య మళ్లీ ఇవతలికి రావడానికి ఒక టీ తాగేంత సేపు పట్టింది. మా గుంపులో కూడా సాయం చాలాసార్లు ఇలాగే ఉంటుంది. యాదగిరి ఒకటి అడిగితే మేం ఇంకొకటి చేసి పెట్టి, చేశామని సంతోషపడేవాళ్లం.

టీ పదిహేను రూపాయలు. చిక్కటి పాలు, పెదవులు అతుక్కునేంత తీపి. యాదగిరి ఇల్లు ఎక్కడని టీ కొట్టాయన్ని అడిగాను.

"ఏ యాదగిరి? మస్తుమంది ఉన్నరు."

"కంప్యూటర్ పని చేసే యాదగిరి."

"గా ఆదిభట్ల కంపెనీ బస్సుకు పోయెటోడా? పోయిండు గద, పాపం. మంచోడుండె." అని, రోడ్డు అవతలికి వినబడేలా "ఓ జంగన్నా, మీ యాదన్న ఇంటికట, సారును తోల్కపో" అని కేకేశాడు.

జంగయ్య ఆటో నడుపుతాడు. యాదగిరికి చిన్నాన్న కొడుకు, పక్కిల్లే. ఆ రోజు ఫోన్ ఎత్తింది తనేనని దారిలో చెప్పాడు. "ఎవ్వలో కంపెనీ నుంచి అనుకున్న సారూ, జర గట్టిగ మాట్లాడిన. ఏమనుకోకు." రెండు రాత్రులూ నేను పడుకున్నది వాళ్లింట్లోనే. ఆటోకు డబ్బిస్తే తీసుకోలేదు.

గొంతు తలుపు తీసింది

"ఎవలు?" అని లోపలి నుంచి ఒక ఆడమనిషి అడిగింది. జంగయ్య ఏదో చెప్పాడు. తలుపు తీసి "పైలం సారూ, గడప ఎత్తుగుంటది, కాలు లేపి వెయ్యి" అంది.

నేను కాలు లేపలేదు. అక్కడే నిలబడిపోయాను. ఆ గొంతు నాకు తెలుసు. ఏళ్ల తరబడి నాకు పేపరు చదివిన గొంతు, మా నాన్న పోయిన వార్తను మెసేజీలోంచి చదివి వినిపించిన గొంతు. తోడుగొంతులో ఆవిడ పుస్తకాల తెలుగు చదువుతుంది. ఇక్కడ తన తెలుగు మాట్లాడుతోంది. అంతే తేడా. ప్రోగ్రాం కాగితాల్లో "గొంతు: ఒక స్నేహితురాలు" అని మాత్రమే రాశాడు యాదగిరి. హైదరాబాదులో డబ్బులిచ్చి ఎవరిచేతో చదివించాడని మేమంతా అనుకున్నాం.

ఆమె సుగుణ, యాదగిరి భార్య. సుగుణగారూ అని మొదలుపెడితే "గారు గీరు ఎందుకు, అక్కా అనరాదు?" అంది. నా గొంతు కూడా ఆమెకు తెలియాలని ఆ క్షణంలో ఎందుకో చాలా అనిపించింది. తెలియదు కదా. వినడమే తప్ప నేనెప్పుడూ ఆ ఇంటికి వినిపించలేదు.

కింద చాప వేసి అన్నం పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు. పుంటికూర అంటే మా గోంగూరే, పేరు మారినంత మాత్రాన పులుపు తగ్గలేదు. పచ్చిపులుసు మాత్రం నాకు కొత్త. చారును పొయ్యి ఎక్కించకుండా ఇంత రుచి తేవచ్చని మా ఆవిడకు చెబితే ఇంకా నమ్మడం లేదు. తింటూ కంచం సర్దుకుంటుంటే అడుగున వేళ్లకు కాగితం తగిలింది. దుకాణంవాళ్లు అంటించే స్టిక్కరు, అంచులు కూడా లేవలేదు. "కొత్త కంచం పెట్టావే అక్కా, అల్లుడి మర్యాద" అన్నాను. "అవ్, కొత్తదే" అని లోపలికి వెళ్లింది. నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆ గొంతు ఎలా పట్టారో చెప్పింది. మధ్యగదిలో నాలుగు వైపులా బొంతలు కట్టి, ఆదివారాలు కూర్చోబెట్టి చదివించేవాడట. సాగర్ రోడ్డు మీద లారీ హారన్ వినబడితే మళ్లీ మొదటి నుంచి. "పదో తరగతి దాంక సదివిన సారూ. బడిల పాఠం నాతోనే సదివిచ్చెటోళ్లు. గది యాది పెట్టుకున్నడు ఆయన." ఒకసారి నగరంలో ఏదో పెద్ద షాపింగ్ మాల్‌కు వెళ్తే, బండ్లు ఆపే గేటు దగ్గర తన గొంతే "దయచేసి ఆగండి" అందట. హడలిపోయి మొగుణ్ణి అడిగింది, వాళ్లు పైసలిచ్చిండ్రా అని. ఆయన నవ్వి, "అందరిదన్నంక అందరిదే, మాల్‌వాళ్లది గూడ" అన్నాడట. ఆ మాట చెప్పి ఆమె నవ్వింది. తోడుగొంతు నవ్వగా నేను వినడం అదే మొదలు.

అన్నం అయ్యాక కంప్యూటర్ సంగతి అడిగాను.

"ఇచ్చేసిన సారూ, పెద్దదినం అయినంక. ఆయనది ఇంట్ల పెట్టుకొని ఏం జేస్త? పనికొచ్చేటోళ్లకు ఇస్తే ఆయనకు సంబురమైతది. మా వాడకట్టు పిల్లనే, స్వప్న అని. ఆదిభట్లల కొత్తగ నౌకరి దొరికింది."

ఇచ్చింది ఊళ్లోనే కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆమె, కొంచెం గర్వంగానే, ఇంకో మాట చెప్పింది.

"ఉట్టిగ ఇయ్యలే. కడిగి ఇచ్చిన."

"కంప్యూటర్ని కడగడమేంటక్కా?"

"చౌరస్తల షాపుకు పంపి లోపటంత సాఫ్ చేపిచ్చిన. మనం వాడింది ఎవ్వలకన్న ఇయ్యాలంటే కడిగి ఇయ్యాలె గద. ఎంగిలిది ఇయ్యం మేము."

పచ్చిపులుసు రుచి ఇంకా నోట్లోనే ఉంది. మా వైపు గిన్నెలో ఏదో ఒకటి మిగిల్చి పంపడం మర్యాద, వీళ్లింట్లో ఏమీ మిగల్చకుండా పంపడం మర్యాద. రెండూ మర్యాదలే. ఆమె మర్యాదలో మా తాళం కొట్టుకుపోయింది.

ఆదిభట్ల, బస్సులు ఆగే చోట

షాపువాడు పైపైన తుడిచి వదిలేసి ఉంటాడని రాత్రంతా ఆశపడ్డాను. బద్ధకం మీద అంత నమ్మకం నాకు ఎప్పుడూ కలగలేదు. పొద్దున్నే జంగయ్య ఆటోలో ఆదిభట్ల వెళ్లాం. అక్కడి రోడ్డుకు కంపెనీ బస్సులే చప్పుడు. ఒకటి వెనక ఒకటి ఆగడం, బూట్ల టకటక, మెళ్లో వేలాడే కార్డులు చొక్కా బొత్తాలకు తగిలే శబ్దం. యాదగిరి కూడా ఈ బస్సుల్లోనే దిగి, ఏదో ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుని, ఇంటికెళ్లాక మా ఫిర్యాదులు చదివేవాడు. "ఫలానా మాట సరిగా పలకడం లేదు, వెంటనే చూడగలరు" అని మేం రాసేవాళ్లం. జీతమిచ్చేవాళ్లలాగే రాసేవాళ్లం.

స్వప్న డ్యూటీకి ముందే వచ్చింది. ఆటో వెనక సీటు మీద కంప్యూటర్ తెరిచి ఓపిగ్గా వెతికింది. నేను చెప్పిన చోట్లన్నీ చూసింది, నేను చెప్పనివీ చూసింది. పోయిన ఫైళ్లను వెతికి తీసే ప్రోగ్రాం ఒకటి నడిపించింది. షాపుకు ఫోన్ చేసింది. వాళ్లు చాలా శ్రద్ధగా పని చేశారట, లోపలి డిస్కు కూడా కొత్తది వేశారు, పాతది ఎప్పుడో తుక్కులో పోయింది.

"ఏం లేదన్నా. నావే ఉన్నయి ఇండ్ల" అంది చివరికి. కంప్యూటర్ మూత వేస్తూ, "నాకు ముందుగాల తెలిస్తే సాఫ్ చెయ్యకుండ ఆపుతుంటి" అంది. ఆటో దిగి, "సుగుణక్కకు చెప్పకుర్రి. మనసు కరాబ్ చేస్కుంటది" అని బస్సుల చప్పుడులోకి వెళ్లిపోయింది.

తిరిగొస్తుంటే జంగయ్య కూడా అదే అన్నాడు. "దొరకలేదని చెప్పు, సాలు. ఎందుకు దొరకలేదో చెప్పకు." నాకూ అదే న్యాయంగా తోచింది. బొంగ్లూరు దాటేదాకా మంచి అబద్ధం ఒకటి కట్టుకుంటూ కూర్చున్నాను.

బతుకమ్మ చప్పట్లు

సాయంత్రం వీధి చివర ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. పాట నెమ్మదిగా వస్తుంది, చప్పట్లన్నీ ఒకే చెయ్యి కొట్టినట్టు పడతాయి. మా వైపు దసరా అంటే బొమ్మల కొలువు, ఇంతమంది కలిసి తిరుగుతూ పాడటం నేను వినలేదు. సుగుణక్క ఈ ఏడాది వెళ్లలేదు. అరుగు మీద నా పక్కన కూర్చుని నోట్లోనే పాడుకుంటోంది.

"దొరికిందా?" అని అడిగింది పాట ఆగినప్పుడు.

"లేదక్కా."

"కడిగినందుకేనా?"

కట్టుకొచ్చిన అబద్ధం నాలుక మీదే ఉంది. కానీ ఏదీ దాచకుండా బతికిన మనిషి ఇంటి అరుగు అది. "అవునక్కా" అన్నాను.

వీధిలో ఇంకో పాట ఎత్తుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, అదీ దాచలేదు.

"ఇప్పుడు గా ముసలామెకు నా గొంతు రాదా?" మంగాయమ్మగారి సంగతీ తాళం సంగతీ ముందురోజు అన్నం దగ్గర చెప్పాను.

"ఆవిడకు వేరే పేరుతో నేను పెట్టిస్తాను. నీ గొంతు బయటే ఉంది కదా, అది పోదు. నేనెరగనివాళ్లకే ఎలా చేర్చాలో తెలియదు. మళ్లీ నీ గొంతు వాడుకోవచ్చా అక్కా?"

"అందరిదన్నంక నన్నడుగుడేంది?" అంది విసురుగా. తర్వాత గొంతు తగ్గించి, "మీల ఎవ్వలన్న ముందుగాల వచ్చుంటే ఉండేదా, గా తాళం?"

"ఉండేది."

"పిలిచిండు గద సారూ మిమ్ములందర్ని. యాదికున్నదా?"

గుర్తుంది. మూడు దసరాల కిందట యాదగిరి మా గుంపులో రాశాడు. తాళం తన ఒక్కడి దగ్గరే ఉండటం మంచిది కాదు, ఇంకో ఇద్దరి దగ్గర ఉండాలి, మెయిల్లో పంపేది కాదు, చేతికి ఇవ్వాల్సింది, అందరూ ఒకసారి మా ఇంటికి రండి, అని. తప్పకుండా అన్నాం అందరం. ఆ ఏడు ఒకరికి పరీక్షలు, ఒకరికి పెళ్లి. మరుసటి ఏడు మళ్లీ పిలిచాడు, మళ్లీ తప్పకుండా అన్నాం. ఆ తర్వాత పిలవలేదు. పిలవడం మానేశాడని కూడా మేం గమనించలేదు.

"ఇంట్ల కంచాలు లెవ్వా? ఉన్నయి. వచ్చేటోళ్లకు కొత్తయి కావాలె అని కొనుక్కొచ్చిండు. ఎవ్వలెవ్వలు ఏం తింటరో నాతోని మాట్లాడెటోడు. నువ్వు కారం తక్కువ తింటవని గూడ ఆయనే చెప్పిండు." అంది. "నేను కడుగుడు తప్పే సారూ, ఒప్పుకుంట. గని నా ఒక్కదానిదే గాదు."

"కాదక్కా, నీ ఒక్కదానిది కాదు" అన్నాను.

తిరుగు ప్రయాణం

ఇదంతా రాస్తున్నది తణుకు వచ్చాక. ప్రోగ్రాంకు కొత్త పేరు పెట్టి బయట పెట్టాం. తాళం ఇప్పుడు ముగ్గురి దగ్గర ఉంది, ముగ్గురం ఒకరి ఇంటికి ఒకరం వెళ్లి చేతికిచ్చి వచ్చాం. మంగాయమ్మగారి కొత్త ఫోన్‌లో పెట్టాను. రెండు వాక్యాలు విని, "వచ్చిందిరా పిల్ల" అన్నారు. మిగతా మంగాయమ్మల పాత ఫోన్లు ఒక్కొక్కటే పగులుతూ ఉంటాయి. కొత్తవి కొంటారు, గొంతు రాదు, ఎందుకు రాలేదో చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. ఆ ఆలోచన నన్ను వదలడం లేదు.

బయల్దేరిన పొద్దున సుగుణక్క ఒక బరువైన మూట నా చేతిలో పెట్టింది. కదిలితే గణగణమంది.

"కంచాలు సారూ. ఆయన మీ కోసం తెచ్చినవి. ఎవ్వలది వాళ్లకు పంపు."

"అన్నీ ఎందుకక్కా..."

"మీయే గద. నాకెందుకు?" అని మూట ముడి ఇంకోసారి బిగించింది. "నువ్వు తిన్నదొక్కటి కడిగిన. కడమయి కడుగలే. ఎవ్వలు తిన్నరని కడగాలె?"

జంగయ్య ఆటో స్టార్ట్ చేశాడు. చౌరస్తా దాకా, బస్సులో, తర్వాత రైల్లో తణుకు దాకా, ఒళ్లో ఆ మూట కదిలినప్పుడల్లా మోగుతూనే ఉంది.